ఆటలమ్మ వైరస్

హెర్పిస్ కుటుంబానికి చెందిన వారిసెల్లా-జోస్టర్ వైరస్ వల్ల వచ్చే అంటువ్యాధి ఆటలమ్మ. తెలుగునాట చాలాచోట్ల ‘అమ్మవారు పోసింది’ అని ఇంట్లో వేపమండలు పెడతారు.

పొక్కులు చర్మం మీద కనిపించినా వైరస్ ఒంట్లోకి చేరే దారి ముక్కు, గొంతు. శ్వాసమార్గపు పైపొర కణాల్లో పెరిగి, టాన్సిళ్లలోని టి-కణాలకు సోకి, వాటి వెంట రక్తంలో ప్రయాణించి చర్మాన్ని చేరుతుంది. ఇందుకు 10 నుంచి 21 రోజులు పడుతుంది. ఎర్రటి మచ్చ మీద మంచుబొట్టు లాంటి నీటిపొక్కు లేస్తుంది. బిడ్డ వీపు చూస్తే కొత్త మచ్చ, నీటిపొక్కు, ఎండిన చెక్కు పక్కపక్కనే ఉంటాయి.

ఈ వైరస్‌లో జన్యుపరంగా పలు శాఖలున్నాయి. 5వ శాఖ భారత్, ఆఫ్రికాల్లో కనిపిస్తుంది. ఆటలమ్మ టీకాకు మూలమైన జపాన్ ‘ఓకా’ రకం 2వ శాఖది. శాస్త్రవేత్త మిచియాకి తకహాషి దాన్ని ప్రయోగశాల కణాల్లో పదేపదే పెంచి బలహీనపరచి, 1974లో ప్రకటించారు. అసలు విశేషం ఇక్కడుంది: టీకా రకం టి-కణాలకు సహజ రకంలాగే సోకుతుంది, చర్మంలో మాత్రం అంతగా పెరగలేదు.

జబ్బు తగ్గాక వైరస్ నరాల ముడుల్లో దాగి, ఏళ్ల తర్వాత సర్పిగా బయటపడొచ్చు. వేపమండలు పెట్టుకోండి, గర్భిణులను, పసికందులను మాత్రం రోగికి దూరంగా ఉంచండి. ఆయాసం వస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకెళ్లండి.