గ్వాన్ యూ: చరిత్రము, ఐతిహ్యము

చైనీయులు దైవముగా గొలుచు సేనాని గ్వాన్ యూను గూర్చి మూడవ శతాబ్దిలో చెన్ షౌ వ్రాసిన చరిత్రము మిక్కిలి సంగ్రహము. క్రీ.శ. 200లో బైమా యుద్ధమున నాతడు యెన్ ల్యాంగును పొడిచి, శిరస్సు ఖండించి తెచ్చెనని యందున్నది. చిత్రములలో గానవచ్చు చంద్రవంక ఖడ్గము తరువాతి కథకుల కల్పన. హువా షియుంగ్ వధయు నట్టిదే: 191లో నాతని జంపినది సున్ జియెన్ సేన, 'మూడు రాజ్యముల' నవల యా కీర్తిని గ్వాన్ యూకు గట్టబెట్టినది.

ఇవి యలంకారములు, పోనిండు. మాకు ముఖ్యముగా దోచునది వేఱు. సున్ చువాన్ తన కుమారునకు గ్వాన్ యూ కుమార్తె నడుగగా, నాతడు దూతను దూషించి పంపెను. 219లో నా సున్ చువాన్ సేనలే వెనుకనుండి జింగ్‌జౌను గైకొనినవి. గ్వాన్ యూ పట్టువడి హతుడయ్యెను. ఈ పతనమునకు గర్వము హేతువని చెన్ షౌ తీర్పు. ఐతిహ్యము స్వామిభక్తినే పెంచి, 1614లో నాతనికి చక్రవర్తి బిరుదము దెచ్చినది. కాని చెన్ షౌ యౌవనమున షూ రాజ్యమునందే, అనగా గ్వాన్ యూ పక్షముననే, కొలువు చేసినవాడు. ఆతని మాటను శత్రువు నిందగా ద్రోసివేయ వలనుపడదు.