మన మెట్ల మళ్లు: మన చరిత్ర, మన హక్కు



"పోడు పేరుతో అడవిని పాడుచేసేది మీరే, మీకు సాగు ఏం తెలుసు" అనే మాట మనం చాలాసార్లు విన్నాం. దీనికి జవాబు సవర కొండల్లో రాళ్ల రూపంలో ఉంది.

మన సీతంపేట కొండల నుంచి ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు దాకా సవరల ఊళ్లే. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మధ్యలో సరిహద్దు వచ్చింది గానీ, సాగు మారలేదు. వాలు మీద పోడులో సామలు, చోళ్లు, కందులు. గెడ్డ దిగే చోట రాతి గోడలు కట్టి మెట్లు మెట్లుగా వరి మళ్లు. 1909లో అచ్చయిన థర్స్టన్ పుస్తకాల్లో ఈ మళ్ల గురించి ఉంది. 1955లో వెరియర్ ఎల్విన్ సవరల మీద రాసిన పుస్తకంలోనూ ఉంది. అంటే బయటివాళ్లే చూసి రాసిపెట్టారన్నమాట.

ఇందులో పనితనం ఏంటంటే, వాన నీరు కొండ మీంచి ఉరికితే మట్టిని కోసుకుపోతుంది. గోడ అడ్డం ఉంటే నీరు నెమ్మదిస్తుంది, తెచ్చిన ఒండ్రు అక్కడే దిగుతుంది. పై మడి నిండాకే మిగులు నీరు కింది మడికి పోతుంది. గోడ సందుల్లోంచి ఊరే నీరు కూడా కిందికే పనికొస్తుంది. ఒకే నీరు ఇన్ని మళ్లను తడుపుతుంది. మోటారు లేదు, కరెంటు లేదు.

మరి పోడు భూమి ఎందుకు సత్తువ తగ్గింది? పాతరోజుల్లో కొన్నేళ్లు పండించి, మళ్లీ చెట్లు మొలిచేదాకా వదిలేసేవాళ్లం. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవులు రిజర్వు అయ్యాయి. తిరగడానికి చోటు తగ్గింది, నేలకు విశ్రాంతి తగ్గింది. ఈ సంగతి మనల్ని నిందించేవాళ్లు చెప్పరు.

ఇప్పుడు అసలు విషయం. 2006 అటవీ హక్కుల చట్టం కింద క్లెయిమ్‌కి కనీసం రెండు ఆధారాలు పెట్టాలి. 2008 నియమాల్లో 13వ నియమం చదవండి. నేల చదును చేయడం, గట్లు, చెక్‌డ్యాములు లాంటి శాశ్వత పనులు ఆధారమే. క్లెయిమ్ పెట్టినవాళ్లు కాకుండా వేరే పెద్దలు చెప్పింది రాసి పెట్టినా ఆధారమే. తాత పేర్చిన గోడ ఉత్త రాళ్ల కుప్ప కాదు, సాక్ష్యం.

కానీ ఆ గోడలు చాలాచోట్ల కూలుతున్నాయి. పైన ఒక్క గోడ తెగితే నీరు ఉరికి కింది మళ్లన్నీ కోసేస్తుంది. అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సెలవులకు ఊరెళ్లినప్పుడు మళ్లు ఫొటో తీయండి. ఎవరు కట్టారో, ఎప్పటి నుంచి సాగులో ఉందో పెద్దల్ని అడిగి రాసుకోండి. గోడల మరమ్మతును ఉపాధి హామీ పనుల్లో పెట్టమని గ్రామసభలో అడగండి. వానలు పడకముందే పై గోడతో మొదలుపెడదాం.

జై ఆదివాసీ!