జీపు క్లచ్చు కథ

సిద్ధిపేటకు రైలు వచ్చినది 2023 అక్టోబరులో. అంతకు పూర్వము ఈ ఊరి రాకపోకలన్నియు రోడ్డుమీదనే సాగెను. హైదరాబాదునుండి కరీంనగరమునకు పోవు దారిలో, దాదాపు నూరు కిలోమీటర్ల దూరమున నున్న ఈ పట్టణము ఎద్దుబండిని, బస్సును, లారీని, జీపును నమ్ముకొని పెరిగినది. కావున ఇచ్చటి చరిత్రలో మోటారు మిస్త్రీకి ఒక స్థానము కలదు. మన చరిత్రకారులు కోటలను, శాసనములను చూచినంత శ్రద్ధగా మరమ్మతు షెడ్డులను చూడలేదు. మిస్త్రీ చేతికి తరచుగా వచ్చు జీపు క్లచ్చును పట్టుకొని ఆ కథలో కొంత చెప్పుదును. క్లచ్చు కాలినదనగానే మనము డ్రైవరును నిందింతుము. లేదా బజారు సామాను నాసిరకమందుము. ఈ రెండు తీర్పులును పలుమారు తొందరపాటు తీర్పులు.

కొన్ని సంవత్సరముల క్రిందట, మాఘమాసమున, కూడవెల్లి జాతరను ధ్వనిముద్రణ చేయుటకై మేము సిద్ధిపేటలో ఒక పాత జీపును అద్దెకు తీసికొని బయలుదేరితిమి. క్లచ్చు మార్చి ఎనిమిది దినములే యైనదని యజమాని గర్వముగా చెప్పెను. తారురోడ్డుమీద బండి బాగుగనే నడిచెను. వాగు ఇసుకలో దిగగానే ఇంజను కేకలు వేసినది గాని చక్రములు కదలలేదు. నిమిషములో కాలిన వాసన వచ్చినది. డ్రైవరు ఇరువది యేండ్ల కుఱ్ఱవాడు. వాని ముఖము పాలిపోయినది. "ప్లేటు పైసలు నా జీతంల కోస్తరు సార్" అని మాత్రమనెను. ఒక ట్రాక్టరు మమ్ము వెనుకకు సిద్ధిపేట షెడ్డువరకు ఈడ్చికొని వచ్చినది. యజమానియు అచ్చటికి వచ్చెను. బండిని చూడకమునుపే కుఱ్ఱవానివైపు చూచెను.

షెడ్డులో జరిగినది చెప్పుటకు ముందు క్లచ్చు పనిని గూర్చి రెండు మాటలు. ఇంజను ఆగక తిరుగుచుండవలయును. బండి మాత్రము ఆగవలయును, మెల్లగా కదలవలయును. ఈ రెంటికిని రాజీ కుదుర్చునది క్లచ్చు. ఇంజను వెనుకనున్న బరువైన ఫ్లైవీలునకును, స్ప్రింగులతో నొక్కబడు ప్రెషరు ప్లేటునకును నడుమ, రెండు వైపుల లైనింగు గల పళ్ళెమొకటి ఉండును. స్ప్రింగుల బలమున ఆ పళ్ళెము బిగిసి ఇంజను శక్తిని గేరుబాక్సునకు అందించును. మనము పెడలు నొక్కినపుడు రిలీజు బేరింగు ముందుకు జరిగి, ప్రెషరు ప్లేటు మీటలను తోసి, ఆ పట్టును విడిపించును. అనగా క్లచ్చునకు సహజస్థితి పట్టుకొనియుండుట. విడుచుట మన కాలి పని.

తొలి మోటారులలో ఇది గరాటువంటి ఆకారమున నుండెడిది. దానికి తోలు తొడిగెడివారు. తోలు జారినపుడు మెత్తని మట్టిపొడి చల్లుటయు, ఎండి ఒక్కసారిగా పట్టివేసినపుడు నూనె రాచుటయు ఆనాటి డ్రైవర్ల వైద్యము. ఇంగ్లండులో హీలీ-షా అను ఆచార్యుడు ఇరువదవ శతాబ్దారంభమున నూనెలో మునిగియుండు అనేక పళ్ళెముల క్లచ్చును కల్పించెను. ఇక రాపిడి లైనింగు కథ మోటారుతో కాక గుఱ్ఱపుబండితో మొదలైనది. 1897లో హెర్బర్టు ఫ్రూడ్ అను ఆంగ్లేయుడు బండ్ల బ్రేకులకు పనికివచ్చు పదార్థముకొరకు ప్రయోగములు ప్రారంభించెను. కొండ దిగు బండివాండ్రు పాత బూటు ముక్కను చక్రమునకు ఆన్చుట చూచి ఆయనకు ఆ యూహ కలిగినదందురు. పిమ్మట ఆస్బెస్టాసు లైనింగులు వచ్చెను. ఒకే పొడి పళ్ళెముతో పనిచేయు క్లచ్చు వానితో స్థిరపడెను.

ఈ విద్య మన ప్రాంతమునకు పెద్ద యెత్తున వచ్చినది బస్సుతో. 1932 జూనులో నిజాము రైల్వే వారు రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభించిరి. స్కాట్లండులో తయారైన ఆల్బియను బస్సులు ఆ శాఖకు పేరు తెచ్చెను. ఒక సంస్థ బస్సులు నడిపినపుడు దానికి డిపో, వర్కుషాపు, కొలతల పుస్తకము అన్నియు ఉండును. ఏ బండికి ఏ సామానో అచ్చట గందరగోళము ఉండదు.

జీపు వచ్చిన దారి వేరు. అది యుద్ధమునకు పుట్టిన బండి. 1941 మొదలు 1945 వరకు అమెరికాలో విల్లీసు, ఫోర్డు కంపెనీలు ఆరు లక్షలకు పైగా జీపులు చేసిరి. ఆ సైనిక జీపు క్లచ్చు పళ్ళెము వ్యాసము 7⅞ అంగుళములు. యుద్ధము ముగియగనే విల్లీసు వారు పౌరులకొరకు చేసిన జీపులో గేరుబాక్సు మారినది. క్లచ్చు పళ్ళెము 8½ అంగుళములైనది. పైకి చూచిన రెండును ఒక్క తల్లి బిడ్డలే. లోపల కొలతలు వేరు. 1945లో స్థాపితమైన మహీంద్రా కంపెనీ ఆ దశకము చివరనే బొంబాయిలో విల్లీసు జీపులను కూర్చుట మొదలుపెట్టెను. ఆ విధమున సైన్యము వదిలిన జీపులును, కొత్త జీపులును ఒకే బజారులో కలిసిపోయినవి. "జీపు ప్లేటు" అని అడిగినవానికి ఏది యిచ్చిరో ఆ దేవునికే తెలియును!

1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకము ప్రారంభమైన పిదప జీపు పల్లెలలో ప్రభుత్వమునకు గుర్తు అయ్యెను. 1959లో మన రాష్ట్రమున పంచాయతీ సమితులు ఏర్పడగా "సమితి జీపు" అను మాట పుట్టినది. బావి చూచుటకు, బడి చూచుటకు, ఎరువు పంచుటకు ఆ ఒక్క బండియే చెరువుకట్టలమీద, బండిబాటలలో తిరుగవలయును. ఇంతలో 1957 ప్రాంతమున విదేశమారక ద్రవ్యమునకు కఱవు వచ్చి దిగుమతులు బిగుసుకొనెను. పాత పళ్ళెమునకే కొత్త లైనింగు రివెట్లతో కొట్టించుట, ఒక బండి కవరును మరియొక బండికి బిగించుట, ఇట్టి ఉపాయములు వ్యాపించినవి. వీనిని చూచి నవ్వరాదు. ఆ ఉపాయములే లేనిచో ఎన్నియో బండ్లు చెట్టుక్రింద తుప్పుపట్టియుండెడివి. పిమ్మటి కాలమున పెట్రోలు ధరకు వెఱచి పాత జీపులకు డీజిలు ఇంజను ఎక్కించుట మొదలైనది. అపుడు చిక్కు రెట్టింపైనది. ఏలయన క్లచ్చు కవరు ఇంజను ఫ్లైవీలునకు సరిపోవలయును; పళ్ళెము నడిమి పండ్లు గేరుబాక్సు ఇరుసునకు సరిపోవలయును. ఇంజను ఒక వంశము, గేరుబాక్సు ఒక వంశము అయినపుడు ఆ రెంటి సంబంధము కుదిర్చెడి పెండ్లిపెద్ద పళ్ళెమే. డీజిలు ఇంజను కొట్టు దెబ్బలకు ఓర్చుటకై పళ్ళెము నడుమ చిన్న స్ప్రింగులును ఉండవలయును. నేడు పాత మెదకు జిల్లాలోని జహీరాబాదులోనే మహీంద్రా వారి కర్మాగారమున్నది. అయినను పాత జీపునకు పళ్ళెము కావలసినవాడు సికిందరాబాదు రాణీగంజు దుకాణముల చుట్టు తిరుగవలసినదే.

ఇక మా షెడ్డు. మిస్త్రీ వృద్ధుడు. అందఱు ఆయనను ఉస్తాదు అని పిలిచిరి. ఆయన స్పానరు పట్టుకొనలేదు. వంగి, పెడలును చేతితో మెల్లగా నొక్కెను. వెంటనే బరువు తగిలినది. తల యెత్తి, "డ్రైవరు పిల్లగాని తప్పు లేదు సేటూ, పెడలుకు ప్లేనే లేదు" అనెను.

ఈ 'ప్లే' అనునది తెలిసికొనదగినది. పెడలు నొక్కుట మొదలిడిన పిమ్మట కొంతదూరము వట్టిగా పోవలయును. సైనిక జీపునకు చెప్పబడినది సుమారు ముప్పాతిక అంగుళము. ఆ ఖాళీ లేనిచో రిలీజు బేరింగు ఎల్లప్పుడు మీటలను ఒత్తుచుండును. మనము కాలు పెట్టకపోయినను క్లచ్చు సగము నొక్కినట్లే. చదునైన రోడ్డుమీద ఆ సగము పట్టు సరిపోవును. ఇసుకలో సరిపోదు. పళ్ళెము జారి, వేడెక్కి, కాలును. విప్పి తీసిన పాత కవరు అదృష్టవశమున జీపు వెనుకనే పడియుండెను. ఉస్తాదు కొత్తదానిని దింపి, రెంటిని ఒక చదునైన పలకమీద ప్రక్కప్రక్కన పెట్టి, స్కేలుతో కొలిచెను. కొత్త కవరు మీటలు పాతవానికంటె పావు అంగుళము ఎత్తుగా నుండెను. సామాను చెడ్డది కాదు. బిగించినవాడు దాని ఎత్తునకు తగినట్లు పెడలు లింకును సరిచేయలేదు, అంతే.

ఆ పూట కూర్చుండి ఆయననుండి నేను విన్నది చాల కలదు. జారుచున్నదా అని చూచుటకు చేతిబ్రేకు వేసి, పై గేరులో పెట్టి, క్లచ్చు వదలవలయును. ఇంజను ఆగినచో పట్టు ఉన్నది. ఆగక తిరుగుచున్నచో పళ్ళెము జారుచున్నది. ఈ పరీక్ష ఒక్కసారి చాలును, మఱల మఱల చేసిన పరీక్షయే పళ్ళెమును కాల్చును. ప్లే ఉండియు జారినచో ఇంజను వెనుకనుండి నూనె కారుచున్నదేమో చూడవలయును. పాత జీపులలో అచ్చట త్రాటి ప్యాకింగే ఉండును. అది అరిగినచో ఎంత ఖరీదైన పళ్ళెము వేసినను నెల నిలువదు. గేరు పడునపుడు పండ్లు కొరుకుచున్నచో చిక్కు ఇందుకు విరుద్ధము: పట్టు విడువకున్నది. ప్లే మితిమీరియుండవచ్చును, తీగ సాగియుండవచ్చును, ఫ్లైవీలును తురిమించినందున క్లచ్చంతయు ముందుకు జరిగియుండవచ్చును. పళ్ళెమునే తిరుగవేసి బిగించినవారును కలరు! బండి కదలునపుడు వణకినచో పళ్ళెమును విప్పకమునుపు ఇంజనుక్రింది రబ్బరులను చూడుమనెను. సైనిక జీపునకు ఇంజను ముందువెనుకలకు ఊగకుండ ఒక కట్టుతీగ ఉండెడిది. మరమ్మతులలో దానిని ఊడదీసి పారవైచినవారికి అది ఎందులకో తెలియలేదు.

డ్రైవర్ల తప్పు అసలే లేదనుట కాదు. పెడలుమీద కాలు ఆన్చి నడుపువారు, ఏటవాలున బండిని సగము క్లచ్చుతో నిలుపువారు నిజముగా దోషులు. ఇసుకలో జీపునకున్న రెండవ లీవరు వేసి, చిన్న గేరులో మెల్లగా పోవలయును. మా కుఱ్ఱవాడు ఆ పని చేసియే యుండెను. లీవరు ఇంకను ఆ స్థానముననే ఉండుట ఉస్తాదు యజమానికి చూపెను.

ఒక్క విషయమున మాత్రము నేను ఉస్తాదును వారింపవలసివచ్చెను. విప్పిన క్లచ్చులోని నల్లని పొడిని ఆయన నోటితో ఊదబోయెను. పాత లైనింగులలోని ఆస్బెస్టాసు ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమైన వ్యాధులు తెచ్చును. తడిగుడ్డతో తుడువుమంటిని. ఆయన నవ్వి, నలువది యేండ్లనుండి ఊదుచున్నాననెను. అయినను తడిగుడ్డ తెప్పించెను.

కాలిన పళ్ళెమునకు బదులు కొత్తది వేసి, లింకును వదులు చేసి, ముప్పాతిక అంగుళము ప్లే కుదుర్చుటకు రాత్రి తొమ్మిది గంటలైనది. యజమాని గొణుగుచునే డబ్బులు తన జేబునుండి తీసి ఇచ్చెను. మఱునాటి తెల్లవాఱుజామున ఆ కుఱ్ఱవాడే మమ్ము కూడవెల్లి వాగు దాటించెను.