ఇనుము (పోషక ఖనిజం)

ఇనుము మానవ శరీరానికి అత్యవసరమైన సూక్ష్మ ఖనిజాలలో ఒకటి. వయోజనుల శరీరంలో మొత్తం 3 నుండి 4 గ్రాముల ఇనుము మాత్రమే ఉంటుంది. ఇందులో దాదాపు మూడింట రెండు వంతులు రక్తంలోని హీమోగ్లోబిన్‌లో ఉంటుంది. ఆహారంలో ఎంత ఇనుము ఉన్నదనే దానితో పాటు, అందులో ఎంత భాగాన్ని శరీరం గ్రహిస్తున్నదనేది కూడా ముఖ్యము.

శరీరంలో పాత్ర

* హీమోగ్లోబిన్‌లో భాగంగా ఊపిరితిత్తుల నుండి కణజాలాలకు ప్రాణవాయువును చేరవేస్తుంది.
* మయోగ్లోబిన్ రూపంలో కండరాలలో ప్రాణవాయువును నిలువ చేస్తుంది.
* కణాలలో శక్తి ఉత్పత్తికి తోడ్పడే ఎంజైములలో భాగంగా ఉంటుంది.

ఎర్ర రక్తకణాలు సుమారు 120 రోజులు జీవిస్తాయి. అవి నశించినపుడు వాటిలోని ఇనుమును శరీరం తిరిగి వాడుకుంటుంది. అందువలన పురుషులకు రోజుకు సుమారు 1 మిల్లీగ్రాము మాత్రమే నష్టం కలుగుతుంది. ఋతుస్రావం వలన స్త్రీలలో ఈ నష్టం ఎక్కువ.

ఆహార వనరులు

మాంసాహారం: కాలేయం, మాంసం, చేపలు. వీటిలో కొంత భాగం హీమ్ రూపంలో ఉండి సులభంగా గ్రహించబడుతుంది.

శాకాహారం: సజ్జలు, రాగులు, ఉలవలు, అలసందలు, నువ్వులు, తోటకూర. వీటిలోని ఇనుము తక్కువగా గ్రహించబడుతుంది.

100 గ్రాముల సజ్జలలో సుమారు 6 మిల్లీగ్రాముల ఇనుము ఉండగా, పాలిష్ పట్టిన బియ్యంలో 1 మిల్లీగ్రాము కూడా ఉండదు. పాలలో ఇనుము చాలా స్వల్పం.

శోషణ

భోజనంతో పాటు ఉసిరి, నిమ్మ, జామ వంటి విటమిన్ సి గల పదార్థాలను తీసుకొంటే శాకాహారంలోని ఇనుము బాగా గ్రహించబడుతుంది. ధాన్యాలు, పప్పుధాన్యాలలోని ఫైటేట్లు దీనికి ఆటంకం కలిగిస్తాయి. మొలకెత్తించడం, పులియబెట్టడం వలన ఫైటేట్లు తగ్గుతాయి. భోజనం చేసిన వెంటనే టీ, కాఫీ త్రాగడం మంచిది కాదు. ఇనుప మూకుడులో పుల్లని కూరలు వండినపుడు కొంత ఇనుము ఆహారంలో చేరుతుంది.

లోపం

ఇనుము లోపించినపుడు రక్తహీనత కలుగుతుంది. అలసట, ఆయాసం, పాలిపోవడం దీని లక్షణాలు. మట్టి, సుద్ద, బియ్యం తినాలనే కోరిక కూడా కొందరిలో కనిపిస్తుంది. గర్భిణులలో తీవ్ర రక్తహీనత తల్లికీ, బిడ్డకూ ప్రమాదకరం. కొంకి పురుగుల వలన కూడా రక్తనష్టం జరిగి ఈ లోపం ఏర్పడవచ్చును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భారతదేశంలో 15-49 సంవత్సరాల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అయితే రక్తహీనత అంతా ఇనుము లోపం వలననే కలుగదు. ఫోలిక్ ఆమ్లం, విటమిన్ బి12 లోపాలు కూడా కారణం కావచ్చును.

అధికమైతే

అధికమైన ఇనుమును విసర్జించే ప్రత్యేక వ్యవస్థ శరీరంలో లేదు. అది కాలేయం, గుండె వంటి అవయవాలలో చేరి హాని చేస్తుంది. తలసేమియా ఉన్నవారు వైద్యుల సలహా లేకుండా ఇనుము మాత్రలు వాడరాదు. చిన్నపిల్లలు ఈ మాత్రలను ఎక్కువగా మింగితే ప్రాణాపాయం కలుగవచ్చును కావున వాటిని పిల్లలకు అందకుండా ఉంచాలి.

ఇవి కూడా చూడండి

* రక్తహీనత
* హీమోగ్లోబిన్
* విటమిన్ సి