క్రీడారంగము - క్రీడాకారులు

సత్తెనపల్లి నుండి పడమరగా సాగి, మాచర్ల దాటి, నాగార్జునసాగరము ఒడ్డున నున్న అనుపునకు వెళ్లినవారు అచ్చట ఒక ప్రాచీన రంగస్థలమును చూతురు. నడుమ చదునైన ఆవరణ. చుట్టును మెట్ల వరుసలు. విజయపురి రాజధానిగా 3వ శతాబ్దిలో ఏలిన ఇక్ష్వాకుల నాటి కట్టడమిది. నాగార్జునకొండ లోయలో 1954 మొదలు 1960 వరకు సాగిన త్రవ్వకములలో బయల్పడినది. లోయ జలాశయములో మునుగనుండుటచే దీనిని అనుపులో పునర్నిర్మించిరి. ప్రేక్షకులు కూర్చుండిన మెట్లు మనకు దక్కినవి. నడుమ నిలిచి వారిని మెప్పించిన వారి పేర్లు మాత్రము దక్కలేదు.

హైదరాబాదులో గచ్చిబౌలి క్రీడారంగమును చూచినపుడెల్ల మాకు ఈ సంగతి జ్ఞప్తికి వచ్చును. 2002 డిసెంబరు నాటి జాతీయ క్రీడలకును, 2003 అక్టోబరు 24 నుండి నవంబరు 1 వరకు జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడలకును సిద్ధపరచిన రంగమది. 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదమున మరణించిన లోక్‌సభ సభాపతి జి. ఎం. సి. బాలయోగి పేరు దానికి పెట్టిరి. సుమారు 30,000 మంది కూర్చుండ వసతి కలదు. ఆఫ్రో-ఆసియా క్రీడల ఫుట్‌బాల్ తుదిపోటీలో మన జట్టు ఉజ్బెకిస్తాను చేతిలో ఒక్క గోలు తేడాతో ఓడి రజతముతో తృప్తిపడినది.

అయితే హైదరాబాదు ఫుట్‌బాల్ ఘనత ఆ రంగముతో పుట్టినది కాదు. దానికి అర్ధశతాబ్దము ముందటిది. హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచెను. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచే ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణమును, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానమును పొందెను. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాదు వాసి తులసీదాస్ బలరాం మెల్బోర్న్ వెళ్లినవారే.

1962 ఆసియా క్రీడలకై ఇండోనేషియా ప్రభుత్వము జకార్తాలో లక్షమంది పట్టు మహారంగమును నిర్మించెను. సెప్టెంబరు 4న అక్కడి ప్రేక్షకులు మన జట్టుకు ఎదురై హేళన చేయుచుండగా, పి. కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చేసిన గోల్స్‌తో భారతదేశము దక్షిణ కొరియాను 2-1తో ఓడించెను. గోలు కాచిన పీటర్ తంగరాజ్, ముందు వరుసలో నిలిచిన యూసుఫ్ ఖాన్ హైదరాబాదు వారే. అప్పటికే క్యాన్సరుతో బాధపడుచున్న రహీం 1963 జూనులో కన్నుమూసెను. అటుపిమ్మట నేటివరకు ఆసియా క్రీడలలో మనకు ఫుట్‌బాల్ స్వర్ణము రాలేదు.

జకార్తాలో రంగము పరులది, విజయము మనది. గచ్చిబౌలిలో రంగము మనది, విజయము పరులది. ధనమున్నచో రంగమును కొలది యేండ్లలో కట్టవచ్చును. ఆటగాండ్రను తయారుచేయుటకు ఒక ఉపాధ్యాయుడును, సాయంకాలము పిల్లలు పరుగెత్తు మైదానమును, ఏండ్ల తరబడి ఓర్పును కావలెను. మన పల్నాటి ఊళ్లలో బడి వెనుక మిగిలిన ఖాళీ స్థలమును చూచినపుడు, ఆ మైదానము ఎంత విలువైనదో శ్రోతలు తలచుకొందురు గాక. రహీం పేరును, ఆయన శిష్యుల పేర్లను పిల్లలకు చెప్పుదము. అనుపు మెట్లు కోల్పోయిన పేర్ల వలె ఇవియు పోగూడదు.