అతుకుల బొంతకూ ఒక చరిత్ర ఉంది

1

తెలుగు విమర్శలో ఒక రచనను తీసిపారేయడానికి సులువుగా దొరికే మాటల్లో "అతుకుల బొంత" ఒకటి. నవలలో ప్రకరణాలు ఒకదానికొకటి పొందకపోతే అతుకుల బొంత. కావ్యంలో ఏకసూత్రత లేకపోతే అతుకుల బొంత. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పరిస్తే అదీ అతుకుల బొంతే. నుడికారం అమాయకమైనది కాదు. ఒక వస్తువును ఎవరు తయారుచేస్తారో, ఎవరు కప్పుకుంటారో, వారిపట్ల పైవర్గాలకున్న చిన్నచూపు ఆ వస్తువు పేరులోకి చేరుతుంది. అక్కణ్ణించి విమర్శ పరిభాషలోకి ప్రవేశిస్తుంది. పట్టుచీరతో పోలిస్తే పొగడ్త, బొంతతో పోలిస్తే తెగడ్త కావడానికి మూలం ఇదే.

ముందు బొంత నిర్మాణాన్ని పరిశీలిద్దాం. మన ఇళ్ళలో కట్టి కట్టి మెత్తబడిన చీరలూ పంచెలూ పొరలు పొరలుగా పరిచి, అంచు నుంచి అంచుకు వరసకుట్లు వేసి బొంత చేస్తారు. అమెరికాలో 'క్విల్ట్' అనే బొంతకు మూడు పొరలు. పైన, గుడ్డముక్కలను ఒక క్రమంలో కలిపి కుట్టిన పొర. మధ్యన దూది. అడుగున అస్తరు. ఈ మూడింటినీ పట్టి ఉంచే కుట్టు కేవలం అలంకారం కాదు. అది లేకపోతే దూది జరిగి ఒకచోట ముద్దకడుతుంది, మిగతాచోట చలి దూరుతుంది. బొంత మీద కంటికి అందంగా కనిపించే కుట్ల వరసలకు పునాది వెచ్చదనం అవసరమే. వస్తువు ముఖ్యమా, శిల్పం ముఖ్యమా అని దశాబ్దాలుగా వాదించుకుంటున్న మనకు ఈ మామూలు గృహోపకరణం చెప్పే సంగతి చిన్నది కాదు.

బొంత చరిత్రను ఇక్కడ అమెరికా దక్షిణ రాష్ట్రాల నల్లజాతి స్త్రీల ద్వారా చూడడానికి కారణముంది. వాళ్ళ చేతుల మీదుగా వచ్చిన పత్తి ఇంగ్లాండు మిల్లులను నడిపింది. వాళ్ళకు మిగిలినవి చింకిపాతలు. ఆ పాతలతో వాళ్ళు చేసిన వస్తువు మార్కెట్టుకెక్కింది, మ్యూజియానికెక్కింది, చివరకు కోర్టుకూ ఎక్కింది. శ్రమకూ కళకూ ఉన్న సంబంధం ఇంత స్పష్టంగా నమోదైన సందర్భాలు ఎక్కువ లేవు.

2

1793లో ఎలీ విట్నీ దూది నుంచి గింజలను వేరుచేసే యంత్రాన్ని తయారుచేశాడు. యంత్రం మనిషి శ్రమను తగ్గిస్తుందంటారు. ఆనాటి ఉత్పత్తి సంబంధాల్లో ఆ యంత్రం చేసిన పని వేరు. పత్తి లాభసాటి కావడంతో సాగు విస్తరించింది. దానితోపాటు బానిసత్వమూ విస్తరించింది. ఆ వ్యవస్థలో 1837లో జార్జియా రాష్ట్రంలో బానిసగా పుట్టిన స్త్రీ హారియెట్ పవర్స్.

బానిసత్వం రద్దయిన తర్వాత ఆమె తన బైబిలు బొంతను 1886లో ఏథెన్స్ పట్టణంలో జరిగిన పత్తి ప్రదర్శనలో పెట్టింది. బైబిలు కథలను గుడ్డ బొమ్మలుగా కత్తిరించి, పదకొండు గళ్ళలో అతికి కుట్టిన బొంత అది. జెన్నీ స్మిత్ అనే శ్వేతజాతి చిత్రకారిణి దాన్ని చూసి కొంటానంది. పవర్స్ ఎంతకీ అమ్మనంది. కొన్నేళ్ళకు కుటుంబం ఇబ్బందుల్లో పడింది. అప్పుడు ఆమే బొంతను తీసుకొని వెళ్ళి పది డాలర్లు అడిగింది. చివరకు దక్కినవి ఐదు. అమ్మిన తర్వాత కూడా ఆ బొంతను చూసుకోవడానికి ఆమె ఎన్నోసార్లు స్మిత్ ఇంటికి వెళ్ళింది.

ఐదు డాలర్ల ఈ లావాదేవీలో రెండు విషయాలు గమనించాలి. ఒకటి, అమ్మేటప్పుడు పవర్స్ ఒక్కొక్క గడిలోని కథనూ వివరించింది; స్మిత్ దాన్ని రాసిపెట్టింది. వస్తువుతోపాటు అర్థం కూడా చేతులు మారిందన్నమాట. ఆ రాత లేకపోతే ఈనాడు మనకు పవర్స్ ఉద్దేశం తెలిసేది కాదు. రెండు, పండితులు చాలాకాలం ఆమెను నిరక్షరాస్యురాలిగానే భావించారు. 1896లో ఆమె రాసిన ఉత్తరం ఒకటి 2009లో బయటపడింది. ఆమెకు చదవడం, రాయడం వచ్చుననీ, కనీసం నాలుగు బొంతలు కుట్టిందనీ దానివల్ల తేలింది. మనకు మిగిలినవి రెండే. ఒకటి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థలోనూ, రెండోది బోస్టన్ లలితకళల మ్యూజియంలోనూ ఉన్నాయి. బొంత కుట్టే స్త్రీకి అక్షరం వచ్చి ఉండదనే అంచనా కూడా "అతుకుల బొంత" అనే తిట్టు పుట్టిన చోటే పుట్టింది.

3

అలబామా రాష్ట్రంలో నది మూడువైపులా చుట్టిన ఊరు జీస్ బెండ్. 1816లో జోసెఫ్ జీ అనే భూస్వామి అక్కడ పత్తి తోట వేశాడు. 1845లో అది మార్క్ పెట్వే చేతికి వచ్చింది. ఆయన బానిసల వారసుల్లో ఇప్పటికీ చాలామంది ఇంటిపేరు పెట్వే. మనుషులను కొన్నవాడి పేరే మనుషులకు మిగిలింది. విముక్తి తర్వాత వాళ్ళు కౌలుదార్లయ్యారు. అప్పుమీద విత్తనం, అప్పుమీద తిండి. 1932లో అప్పిచ్చిన వర్తకుడు చనిపోతే, బాకీ కింద అతని వారసులు ఊరిమీద పడి పశువులనూ పనిముట్లనూ నిల్వ ఉన్న తిండినీ తోలుకుపోయారు. తర్వాత ఫెడరల్ ప్రభుత్వం ఆ భూమిని కొని, 1940లలో కుటుంబాలకు అమ్మింది. 1937లో ప్రభుత్వం తరఫున ఆర్థర్ రాత్‌స్టీన్ తీసిన ఫొటోలలో కర్రదుంగల గుడిసెలూ, వాటి లోపలి గోడలకు అంటించిన పాత వార్తాపత్రికలూ కనిపిస్తాయి. పత్రికలు చదవడానికి కాదు, గాలి దూరకుండా ఉండడానికి.

బొంతలు కుట్టింది ఈ గుడిసెల్లోనే. కుట్టుపనికంటూ వేరే గది లేదు. పగలంతా పొలంలో పని. కుట్టుకు దొరికేది శీతాకాలమూ, రాత్రివేళలూ. నాలుగు కర్రల చట్రాన్ని ఇంటి దూలానికి వేలాడదీసి, పనయ్యాక పైకి లాగి కట్టేసేవారు. కింద మళ్ళీ వంట, పడక. ముక్కలు కలిపి పైపొర తయారుచేయడం ఒక్కరి పని. మూడు పొరలనూ కలిపి కుట్టడానికి ఇరుగుపొరుగు స్త్రీలు చేరేవారు. ఒంటరి ఆలోచనా, సామూహిక శ్రమా ఒకే వస్తువులో కలిసేవి.

గుడ్డ సంగతి మరీ ముఖ్యం. ఓవరాల్ ప్యాంట్లు, పిండి సంచులు, ఎరువుల సంచులు, అరిగిన చొక్కాలు. ప్యాంటు మోకాలు దగ్గర వెలిసిపోయి ఉంటుంది. జేబు ఊడదీసిన చోట మాత్రం అసలు ముదురు నీలం నిలిచి ఉంటుంది. ఆ రంగు తేడాను చిత్రకారుడు కొని తెచ్చుకోలేదు. అది పొలంలో వంగి పనిచేసిన శరీరం గుడ్డమీద వేసిన ముద్ర. 1942లో మిస్సోరీ పెట్వే అనే స్త్రీ చనిపోయిన భర్త పనిబట్టలను ముక్కలు చేసి బొంత కుట్టింది. ఆయన జ్ఞాపకంగా దాన్ని కప్పుకోవాలన్నది ఆమె కోరిక. ఇప్పుడా బొంత వాషింగ్టన్ జాతీయ చిత్రశాలలో ఉంది. స్మృతికావ్యాలు అక్షరాల్లోనే ఉంటాయనుకునే వారికి దాన్ని చూపించవలసి ఉంటుంది.

4

1965 ఫిబ్రవరిలో మార్టిన్ లూథర్ కింగ్ జీస్ బెండ్‌కు వచ్చాడు. ఓటరు నమోదుకు వెళ్ళిన నల్లజాతి కుటుంబాలను ఆ జిల్లాలో భూస్వాములు ఇళ్ళనుంచి వెళ్ళగొట్టారు. జిల్లా కేంద్రానికి వెళ్ళే పడవ 1962లోనే ఆగిపోయింది. 2006 దాకా తిరిగి రాలేదు. ఈ పోరాట సందర్భంలోనే ఫ్రాన్సిస్ వాల్టర్ అనే క్రైస్తవ మతాచార్యుడు ఒక ఇంటి ముందు ఆరవేసిన బొంతలను చూశాడు. స్త్రీల దగ్గర పది డాలర్ల చొప్పున బొంతలు కొని న్యూయార్క్‌లో వేలం వేయించాడు. 1966లో ఎస్టెల్ విదర్‌స్పూన్ మొదలైన స్త్రీలు 'ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ' అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 1969లో వాళ్ళు భూమి కొని కుట్టు కేంద్రం కట్టుకున్నారు. ఆ భూమిలో కొంత, వెళ్ళగొట్టబడిన కుటుంబాలకు ఇళ్ళస్థలాలుగా అమ్మారు. దూలానికి వేలాడిన చట్రానికి మొదటిసారి సొంత కప్పు దొరికింది. కుట్టే చోటు అనేది రాజకీయ ప్రశ్న అని ఇంతకన్నా ఎవరు నిరూపించగలరు?

అయితే మార్కెట్టు తన షరతులు విధించింది. పెద్ద దుకాణాలకు ఒకే కొలత, ఒకే రంగుల వరస, ఒకే నమూనా కావాలి. ఇంట్లో ఎవరి ఇష్టప్రకారం వాళ్ళు కుట్టే స్త్రీలు కేంద్రానికి వచ్చి, చెప్పినట్టు కుట్టవలసి వచ్చింది. కూలి వచ్చింది, స్వేచ్ఛ తగ్గింది. 1972 నుంచి సియర్స్ కంపెనీకి కార్డురాయ్ దిండు గలీబులు కుట్టారు. మిగిలిన కార్డురాయ్ ముక్కలను ఇళ్ళకు తెచ్చుకొని మళ్ళీ తమ సొంత బొంతలు మొదలుపెట్టారు. కార్ఖానా వ్యర్థం ఇంట్లో కళ అయింది. పరాయీకరణ గురించి మనం పుస్తకాల్లో చదువుకునే విషయం ఇక్కడ ఒకే గుడ్డముక్క రెండు ప్రయాణాల్లో కనిపిస్తుంది.

1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం అమెరికన్ బొంతల ప్రదర్శన పెట్టింది. వాటిని గోడకు నిలువుగా వేలాడదీసి, ఆధునిక నైరూప్య చిత్రాలతో సమానమైన రూపకల్పనలని ప్రకటించింది. బొంతకు గౌరవం దక్కింది, నిజమే. కానీ ఆ గౌరవం దక్కడానికి అది పడకమీద నుంచి లేవాలి, వాసన పోగొట్టుకోవాలి, కుట్టిన మనిషిని మరచిపోవాలి. రూపవాదం పని ఇదే. అది పొగుడుతూనే చరిత్రను కత్తిరిస్తుంది.

2002లో హ్యూస్టన్‌లోనూ, తర్వాత అదే విట్నీలోనూ జీస్ బెండ్ బొంతలను ప్రదర్శించినప్పుడు స్త్రీల పేర్లు గోడకెక్కాయి. 2006లో వాటితో తపాలా బిళ్ళలు వచ్చాయి. మరుసటి ఏడాదే, తమకు న్యాయంగా రావలసిన ప్రతిఫలం రాలేదని ముగ్గురు స్త్రీలు ఫెడరల్ కోర్టులో దావాలు వేశారు. 2008లో అవి రాజీతో ముగిశాయి. పేరు దక్కినంతమాత్రాన శ్రమకు విలువ దక్కినట్టు కాదు.

5

ఇక అభిరుచిగా బొంతలు కుట్టేవారి విషయం. మిల్లు దుప్పట్లు చవకయ్యాక బొంత అవసరం పోయింది. 1976లో అమెరికా ద్విశతాబ్ది ఉత్సవాలతో అది వేడుకగా తిరిగి వచ్చింది. 1979లో జపాన్ కంపెనీ ఒకటి గుడ్డ కోసే చక్రంకత్తిని తెచ్చాక పని వేగవంతమైంది. నేడు మధ్యతరగతి ఇంట్లో కుట్టుకు ఒక గది, రంగులవారీగా పేర్చిన బట్టలు, రెండు మూడు మిషన్లు, గోడకు పూర్తయిన బొంతలు. నిండు బట్టను కొని తెచ్చి, ముక్కలు చేసి, మళ్ళీ కలుపుతారు. ఇది కోట్ల డాలర్ల వ్యాపారం కూడా.

దీన్ని ఎగతాళి చేయడం తేలిక. కానీ అది సరైన విమర్శ కాదు. ఈ స్త్రీలు ఎక్కువగా తమ బొంతలను అమ్మరు. మనవడికో, పెళ్ళికూతురికో, ఆసుపత్రిలో ఉన్న స్నేహితురాలికో ఇస్తారు. సమస్తమూ సరుకుగా మారిన సమాజంలో, మారకపు విలువ లేకుండా ఉపయోగ విలువ కోసమే చేసే పని మిగిలి ఉందంటే దాన్ని గుర్తించాలి. ఆ గది కూడా, ఇంటిచాకిరీ నుంచి స్త్రీ తనకోసం చీల్చి తీసుకున్న జాగా. తేడా ఒక్కటే: జీస్ బెండ్ స్త్రీకి ఆ జాగా కోసం భూస్వామితో పోరాడవలసి వచ్చింది.

ఈ అభిరుచి బృందాల్లో మంచి అలవాటొకటి ఉంది. బొంత వెనుక ఒక మూల చిన్న గుడ్డముక్క కుట్టి, దానిమీద కుట్టినవారి పేరు, ఊరు, సంవత్సరం రాస్తారు. 1981లో కెంటకీ రాష్ట్రంలో మొదలై అనేక రాష్ట్రాలకు పాకిన నమోదు ఉద్యమం పాత బొంతలను ఊరూరా తెప్పించి, ఫొటో తీసి, కుట్టినవారి వివరాలు రాసుకుంది. చరిత్రకారులకు ఆధారాలు దొరికింది అలాగే.

6

సాహిత్యం ఈ వస్తువును ముందే గుర్తించింది. సూజన్ గ్లాస్పెల్ 1916 నాటి 'ట్రైఫుల్స్' నాటికలో హత్యకు కారణం వెతుకుతున్న అధికారులు ఇల్లంతా గాలించి ఏమీ కనుక్కోలేరు. వంటింట్లో ఉన్న ఇద్దరు స్త్రీలు, కుట్టుతూ వదిలేసిన బొంతముక్క మీద కుట్లు ఒక్కసారిగా తడబడిన చోటు చూసి, ఆ ఇంటి ఇల్లాలి మనసును చదువుతారు. ఆలిస్ వాకర్ 1973 నాటి 'ఎవ్రీడే యూజ్' కథలో చదువుకున్న కూతురు అమ్మమ్మ బొంతలను గోడకు వేలాడదీస్తానంటుంది. తల్లి వాటిని, కప్పుకొని అరగదీసే రెండో కూతురికి ఇస్తుంది. విట్నీ ప్రదర్శన జరిగి రెండేళ్ళే అయిన కాలంలో ఈ కథ వేసిన ప్రశ్నకు రూపవాదుల దగ్గర సమాధానం లేదు.

మనవైపు నుంచి వచ్చే ప్రమాదం కూడా ఉంది. బానిసలు పారిపోవడానికి బొంతల మీద రహస్య సంకేతాలు కుట్టేవారని 1999లో ఒక పుస్తకం ప్రచారం చేసింది. చరిత్రకారులు వెతికితే దానికి ఆధారం దొరకలేదు. అణగారినవారి కళకు విలువ కట్టడానికి కట్టుకథ అవసరం లేదు. భర్త చొక్కాను విప్పి, వెలిసిన ముక్క పక్కన వెలవని ముక్క పెట్టిన నిర్ణయం చాలు. ఆ స్త్రీలను కేవలం బాధితులుగా చూసి కన్నీరు కార్చే విమర్శ, కేవలం రేఖలనూ రంగులనూ చూసే విమర్శ రెండూ ఒకే తప్పు చేస్తున్నాయి. మొదటిది ఆలోచించిన మెదడును వదిలేస్తుంది, రెండోది పనిచేసిన చేతిని వదిలేస్తుంది.

మన పల్లెల్లో బొంతలు కుట్టిన తరం వయసు మళ్ళింది. ఆ బొంతల మీద పేర్లు లేవు. ఏ చీర ఎవరిది, ఏ ముక్క ఎందుకు ఎక్కడ పెట్టారు, ఎవరెవరు కూర్చుని కుట్టారు అనేది వాళ్ళ నోటితో చెబితేనే తెలుస్తుంది. కథలకోసం వస్తువు వెతికే యువరచయితలూ, పరిశోధనకు అంశం వెతికే విద్యార్థులూ ఒక నోటుపుస్తకంతో ఆ ఇళ్ళకు వెళ్ళడం తక్షణ కర్తవ్యం. ఇక విమర్శకులు చేయవలసింది ఇంకా సులువు. ఒక నవలలో కూర్పు కుదరకపోతే కూర్పు కుదరలేదని రాయవచ్చు. దానికి బొంతను సాక్ష్యానికి పిలవనక్కరలేదు; బొంతలో కూర్పు కుదరకపోతే ఆ ఇంట్లో పిల్లలు చలికి వణికేవారు.