పడిశపు మాత్రకు కావలి

చైనా వైద్యులు మా హువాంగ్ అని పిలిచి, ఉబ్బసమునకును పడిశమునకును శతాబ్దములుగా కషాయము కాచి యిచ్చుచు వచ్చిన యొక పొదమొక్కనుండి, జపాను రసాయన శాస్త్రజ్ఞుడు నాగాయి నగయోషి 1885లో ఎఫెడ్రిన్ అను సారమును వేరుచేసెను. 1893లో ఆ ఎఫెడ్రిన్ నుండియే మెథాంఫెటమిన్‌ను తయారుచేసినవాడును ఆయనయే. రోగికి ఉపశమనము నిచ్చు మందును, అనంతర కాలమున లక్షలాది కుటుంబములను కూల్చిన మత్తుపదార్థమును ఒకే పరిశోధకుని బల్లమీద పుట్టుట కాకతాళీయము కాదు. ఆ రెంటికిని నడుమ రసాయనిక దూరము అత్యల్పము. ఆ కొంచెపు దూరమును చట్టముతో కావలి కాయుటకు అమెరికా సంయుక్త రాష్ట్రములు పడిన ప్రయాస యొక దీర్ఘచరిత్ర.

పెకింగ్ వైద్యకళాశాలలో చెన్, ష్మిట్ అను పరిశోధకులు 1924లో ఎఫెడ్రిన్ గుణములను వెల్లడించిన పిమ్మట పాశ్చాత్య వైద్యులు దానిని ఆదరించిరి. ఆ మొక్కయందే లభించు సూడోఎఫెడ్రిన్, ముక్కులోని రక్తనాళముల వాపును తగ్గించి ఊపిరి ఆడునట్లు చేయునదగుటచే, సుడాఫెడ్ వంటి పేర్లతో ప్రసిద్ధికెక్కి, 1976 నుండి అమెరికాలో వైద్యుని చీటి లేకయే లభింపసాగెను. పడిశము పట్టిన కూలివాడును, పరీక్షకు పోవలసిన విద్యార్థియు దుకాణపు అరనుండి తామే తీసుకొనగల చవుక మందది. ఇది చిన్న సౌకర్యము కాదు.

దొంగచాటుగా మెథాంఫెటమిన్‌ను వండువారు తొలుత వేరొక రసాయనమును వాడుచుండిరి. 1980లో ప్రభుత్వము దానిని నియంత్రించుటతో వారి దృష్టి ఎఫెడ్రిన్ మీదికి మరలెను. మాదకద్రవ్య నిరోధక సంస్థలో అధికారియైన జీన్ హైస్లిప్, పొడిగానుండినను మాత్రగానుండినను ఈ పదార్థముల క్రయవిక్రయములన్నియు లెక్కకు రావలెనని వాదించెను. మందుల పరిశ్రమ అంగీకరింపలేదు. కడకు 1988లో వచ్చిన చట్టము ముడిపొడికి మాత్రమే కట్టుబాట్లు విధించి, తయారైన మాత్రలను విడిచిపెట్టెను. అటుపిమ్మట జరిగిన అనర్థమున కధికభాగము ఈ మినహాయింపే కారణమని నా నిశ్చితాభిప్రాయము. ఏలయన పొడి దొరకనివారు మాత్రలను కొని నూరుకొనుట కేయడ్డంకియు లేకపోయెను.

1993లో కేవల ఎఫెడ్రిన్ మాత్రలకు ఆ మినహాయింపు తొలగింపగా, వండువారు సూడోఎఫెడ్రిన్ మాత్రలను పట్టుకొనిరి. 1996లో దానిని గూడ చట్టపరిధిలోనికి తెచ్చిరి గాని, రేకుపొరలలో విడివిడిగా పొదిగిన మాత్రల అట్టలను మరల విడిచిపెట్టిరి. ఒక్కొక్క మాత్రను రేకు చించి పైకి తీయు ఓపిక దొంగలకుండదని అప్పటి తలంపు. ధనలోభమునకును వ్యసనమునకును ఓపిక కొరవడునా? వందలకొలది అట్టలను కూర్చుండి చించినవారికి కొదువ లేకపోయెను. ఒక దుకాణమున కొన్ని, మరియొక దుకాణమున కొన్ని కొనుచు ఊరూర తిరుగువారు బయలుదేరిరి. వంటయిండ్లలో, కార్లలో, విడిదిగదులలో సాగిన యీ తయారీవలన ప్రేలుళ్లు సంభవించెను. విషవాయువుల నడుమ పసిపిల్లలు పెరిగిరి. 2000లో పరిమితులను మరికొంత బిగించినను అట్టల మినహాయింపు నిలిచియే యుండెను.

మార్పు ఒక్లహోమానుండి వచ్చెను. 2003 డిసెంబరు 26న మెథాంఫెటమిన్ తయారుచేయుచున్న యొకనిచే ఒక రహదారి పోలీసు ఉద్యోగి హతుడైన పిదప, ఆ రాష్ట్ర శాసనసభ 2004 ఏప్రిలులో సూడోఎఫెడ్రిన్ మాత్రలను ఫార్మసీలలోనే, గుర్తింపు పత్రము చూపి సంతకము చేసినవారికే అమ్మవలెనని శాసించెను. ప్రాణములర్పించిన ముగ్గురు ఉద్యోగుల పేర్లు ఆ చట్టమునకు పెట్టిరి. ఇంటింటి తయారీ అచట శీఘ్రముగా తగ్గుట గాంచి ఇతర రాష్ట్రములు అనుసరించెను. 2006 మార్చి 9న అధ్యక్షుడు బుష్ సంతకము చేసిన చట్టము ఆ పద్ధతిని దేశమంతటికిని విస్తరించెను. మందు కౌంటరు వెనుక నుండవలెను; కొన్నవాని పేరు, చిరునామా, కాలము నమోదు కావలెను; ఒక్కదినమున 3.6 గ్రాములకు, ముప్పది దినములలో 9 గ్రాములకు మించి కొనరాదు. లవణభాగమును మినహాయించి లెక్కింతురు గనుక ముప్పది మిల్లీగ్రాముల మాత్రలైనచో దినపరిమితి 146; కావున, నిజమైన రోగి కొరత పడుట కవకాశము లేదు.

ఓరెగాన్ 2006లోను, మిసిసిపి 2010లోను ఇంకను ముందుకు పోయి వైద్యుని చీటిని నిర్బంధము చేసెను. కాని అప్పటికే సరిహద్దు కవతల మెక్సికోలో ఈ మందుపై కట్టుబాట్లు పెరుగగా, అచటి ముఠాలు 1980లో అమెరికా నియంత్రించిన ఆ పాత రసాయనము త్రోవనే మరల త్రొక్కి, భారీయెత్తున సరుకు పంపసాగెను. ఇంటితయారీ వెనుకబడిన పిమ్మట చీటి నిర్బంధమును ఓరెగాన్ 2022 జనవరి 1 నుండి ఎత్తివేయుట సమంజసమే.

నాకు బాధ కలిగించు విషయము వేరొకటి. అరలపై ఖాళీయైన చోట కంపెనీలు ఫెనిలెఫ్రిన్ మాత్రలను నింపెను. నోటిద్వారా తీసుకొన్నచో అది ముక్కుదిబ్బడపై పనిచేయదని 2023 సెప్టెంబరులో ఆహార, ఔషధ సంస్థ సలహాసంఘము 16–0 ఓట్లతో తీర్మానించెను. ఇన్నియేండ్లు సామాన్యుడు డబ్బిచ్చి కొన్నది నిష్ఫలమైన మాత్ర. దొంగను అడ్డగించు నియమము రోగికి సరియైన మందునుగూడ చూపవలసియుండెను.

ఈ కథతో మనకును సంబంధము కలదు: ఎఫెడ్రిన్, సూడోఎఫెడ్రిన్ పదార్థములను తయారుచేసి ఎగుమతిచేయు దేశములలో భారతదేశము ముఖ్యమైనది. 2013 నాటి కేంద్రప్రభుత్వపు ఉత్తరువు ప్రకారము తయారీదారులు మాదకద్రవ్య నియంత్రణ సంస్థవద్ద నమోదు కావలసియున్నది.

అమెరికాలోని బిడ్డల యింటికి పోవు మన పెద్దలకు నా మనవి: పడిశము పట్టినపుడు అరపైనున్న దానిని తీసికొని రాక, కౌంటరు వెనుకనున్న మందును గురించి ఫార్మసిస్టును అడుగుడు. గుర్తింపు పత్రము కోరినచో అవమానమని తలపవలదు. రక్తపోటుగాని గుండెజబ్బుగాని యున్నవారు ఆ సంగతిని ముందుగా ఆయనకు చెప్పుడు.